కారుకు మూడొందలు.. దారికి వంద
స్పోర్ట్స్ కారులో సుదూర ప్రయాణం: వాహనం సామర్థ్యం కన్నా రహదారి స్వభావం తెలియడమే ముఖ్యం

కర్నూలు: సెలవు రోజు వేకువజామున 44వ జాతీయ రహదారి పక్కన నిలబడితే అప్పుడప్పుడు ఒక వింత శబ్దం వినిపిస్తుంది. దూరాన తుమ్మెద రొదలా మొదలై, దగ్గరకు వచ్చేసరికి ఉరుములా మారి, తల తిప్పి చూసేలోగా మాయమవుతుంది. హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో స్పోర్ట్స్ కార్లు కొన్నవారికి ఈ రెండింటి నడుమ ఉన్న సుమారు 570 కిలోమీటర్ల దారి ఇష్టమైన విహారయాత్ర. మహబూబ్‌నగర్ నుంచి హిందూపురం ప్రాంతం వరకు ఆ దారి పొడవునా పల్లెలు, పొలాలు, గొర్రెల మందలు, బడికి వెళ్లే పిల్లలు ఉంటారు. కనుక అలాంటి వాహనం ఎలా ప్రయాణించాలన్నది దాని యజమానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఈ తరహా కార్ల శక్తి ఎంతో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. పోర్షే సంస్థ 2019 నుంచి విక్రయించిన తరానికి చెందిన 911 కరెరా ఇంజిన్ సామర్థ్యం 385 అశ్వశక్తి. నిలిచి ఉన్న చోటు నుంచి గంటకు 100 కి.మీ. వేగాన్ని 4.2 సెకన్లలో అందుకుంటుంది. గరిష్ఠ వేగం గంటకు 293 కి.మీ. మన దారి విషయానికి వస్తే, నడుమ డివైడర్ ఉన్న నాలుగు వరుసల రహదారులపై కార్లకు 2018 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌లో పేర్కొన్న గరిష్ఠ వేగం గంటకు 100 కి.మీ. రోడ్డు పక్క ఫలకంపై అంతకన్నా తక్కువ అంకె ఉంటే దానికే కట్టుబడాలి. అంటే కారు శక్తిలో మూడింట రెండు వంతులు ఈ దారికి అక్కరకు రాదు.

ఆగే దూరమే అసలు లెక్క

కారు ఎంత వేగంగా పోగలదన్న దానికంటే ఎంత దూరంలో ఆగగలదన్నదే రహదారిపై ప్రాణాలను నిలిపే లెక్క. గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 28 మీటర్లు సాగుతుంది. అడ్డంకిని చూసి బ్రేకు తొక్కడానికి చోదకుడికి ఒక సెకను పట్టిందనుకుంటే ఆ 28 మీటర్లు అప్పటికే గడిచిపోతాయి. మంచి బ్రేకులు, మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే ఆ తర్వాత మరో 40 మీటర్లలో కారు ఆగుతుంది. మొత్తం 70 మీటర్ల లోపు.

వేగం రెట్టింపై 200 కి.మీ.కు చేరితే ఈ లెక్క రెట్టింపుతో సరిపోదు. వేగం రెండింతలైతే చలనశక్తి నాలుగింతలవుతుంది. చూసి స్పందించే సెకనులో 56 మీటర్లు, బ్రేకుపై సుమారు 160 మీటర్లు, వెరసి 210 మీటర్లకు పైగా కావాలి. ఎంత ఖరీదైన బ్రేకులైనా ఈ భౌతిక సూత్రాన్ని మార్చలేవు. రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగు అంత దూరం స్పష్టంగా పడనప్పుడు, చోదకుడు తాను చూడలేని చీకటిలోకి దూసుకుపోతున్నట్లే.

దాటేవారికి దొరికే వ్యవధి

రోడ్డు దాటే మనిషి వైపు నుంచి చూస్తే ప్రమాదం మరింత స్పష్టమవుతుంది. నాలుగు వరుసల రహదారిలో ఒక వైపు దారి, అంచుతో కలిపి సుమారు 9 మీటర్ల వెడల్పు ఉంటుంది. తలపై గడ్డిమోపుతో నడిచే వృద్ధురాలు సెకనుకు మీటరు చొప్పున అడుగు వేసినా దాటడానికి 9 సెకన్లు పడుతుంది. అర కిలోమీటరు దూరాన కారు కనిపించింది. అది 100 కి.మీ. వేగంతో వస్తుంటే ఆమె వద్దకు చేరడానికి 18 సెకన్లు పడుతుంది. ఆమె దాటి, ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. అదే కారు 200 కి.మీ. వేగంతో వస్తే చేరడానికి పట్టేది సరిగ్గా 9 సెకన్లే.

లారీలు, బస్సుల వేగానికి అలవాటుపడిన కన్ను, అర కిలోమీటరు దూరాన కనిపించే చిన్న వాహనం ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయలేదు. 'ఇంకా దూరంగానే ఉంది కదా' అని అడుగు వేయడం దాటేవారి నిర్లక్ష్యం కాదు. జీవితమంతా ఆ దారిపై నేర్చుకున్న అంచనా అది. దానిని వమ్ము చేసేది కారు వేగమే. డివైడర్ తెరిపి ఉన్న చోట్ల, ఎదురుదారిలో ద్విచక్రవాహనాలు వచ్చే చోట్ల, కోతల కాలంలో ధాన్యం ఆరబోసిన చోట్ల ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఇంతచేసి కలిసివచ్చే సమయం స్వల్పం. వంద కిలోమీటర్ల దూరాన్ని 100 వేగంతో వెళ్తే గంట, 130తో వెళ్తే 46 నిమిషాలు. మిగిలిన 14 నిమిషాలు ఒక టీ విరామానికే చెల్లిపోతాయి.

నేలకు జానెడు ఎత్తు లేదు

స్పోర్ట్స్ కార్లు గాలిని చీల్చుకుంటూ, మలుపుల్లో తూలకుండా సాగేందుకు నేలకు బాగా దగ్గరగా తయారవుతాయి. చాలా వాటిలో కారు అడుగుకు, రోడ్డుకు మధ్య ఎడం 12 సెంటీమీటర్లకు అటూఇటూ మాత్రమే. భారత రహదారుల కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఆ కొలతతో వేసిన దానిని నెమ్మదిగా దాటవచ్చు. ఊళ్లలో కొలత లేకుండా ఇరుకుగా, ఎత్తుగా పోసిన దిబ్బలతోనే చిక్కు. వాటిపై ముందు భాగం గానీ, అడుగు గానీ తగిలితే మరమ్మతు ఖర్చు లక్షల్లోకి వెళ్లవచ్చు.

కొన్ని కార్లలో మీట నొక్కితే ముందు భాగం సుమారు 4 సెంటీమీటర్లు పైకి లేచే ఏర్పాటు ఉంటుంది. అది లేనివారు దిబ్బను నేరుగా కాక, వెనుక వాహనాలను గమనించుకుంటూ కొంచెం ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటించడం మేలు. భోజనానికి, బసకు ఎంచుకునే చోటును కూడా ప్రధాన రహదారి నుంచి లోపలికి వెళ్లే దారి స్థితిని బట్టి ముందే నిర్ణయించుకోవాలి.

స్టెప్నీ ఉండదు

ఈ కార్లలో చాలావాటికి అదనపు చక్రం ఉండదు. రంధ్రాన్ని పూడ్చే ద్రవం, గాలి కొట్టే చిన్న యంత్రం మాత్రమే ఇస్తారు. మేకు దిగితే అవి పనికొస్తాయి. టైరు పక్కగోడ చీలితే పనికిరావు. పైన చెప్పిన 911లో ముందు టైర్లు 19 అంగుళాల చక్రానికి, వెనుకవి 20 అంగుళాల చక్రానికి చెందినవి. వెడల్పులూ వేరు. ముందుది వెనుకకు మార్చుకునే వీలు లేదు. దారిలోని చిన్న పట్టణాల దుకాణాల్లో ఆ కొలతలు దొరకడం కష్టం. పక్కగోడ తక్కువ మందంతో ఉండటం వల్ల లోతైన గుంతలో పడితే టైరుతోపాటు చక్రం కూడా దెబ్బతింటుంది.

రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రోడ్డు ఉపరితలం అంతకన్నా వేడెక్కుతుంది. టైర్లలో గాలిని బయలుదేరే ముందు, చల్లగా ఉన్నప్పుడే కొలిచి తయారీదారు చెప్పిన మేరకు నింపాలి. ప్రయాణంలో వేడికి ఒత్తిడి పెరగడం సహజం. అది చూసి కంగారుపడి గాలి తీసివేస్తే, తక్కువ గాలితో టైరు మరింత నలిగి, ఇంకా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది.

పెట్రోలు.. విరామం

ఈ ఇంజిన్లకు అధిక ఆక్టేన్ పెట్రోలు అవసరం. నగరాల్లో ఎంపిక చేసిన బంకుల్లో 100 ఆక్టేన్ ఇంధనం లభిస్తున్నా, దారి పొడవునా దొరుకుతుందని భరోసా పెట్టుకోరాదు. ఇథనాల్ ఎంత శాతం కలిసిన ఇంధనం తమ కారుకు పనికివస్తుందో యజమాని కరదీపికలో ముందే చూసుకోవాలి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా తక్కువ కనుక మైలేజీ కొంత తగ్గుతుంది. ట్యాంకు సగానికి రాగానే నింపుకోవడం ఉత్తమం. హైదరాబాదు నుంచి వచ్చేవారికి కర్నూలు, ఆ తర్వాత అనంతపురం అందుకు అనువైనవి.

గట్టి సస్పెన్షన్, ఇంజిన్ మోత వల్ల ఈ కార్లలో అలసట త్వరగా వస్తుంది. రెండు గంటలకోసారి దిగి నడవాలి. అందుకు ఈ దారిలో చోటు కరవు లేదు. బీచుపల్లి వద్ద కృష్ణా తీరం, అలంపురంలో జోగులాంబ ఆలయం, గుత్తి కోట, పెనుకొండ కోట, కొడికొండ చెక్‌పోస్టు వద్ద మలుపు తిరిగితే లేపాక్షి. వేగాన్ని తగ్గించినవారికే ఇవన్నీ కనిపిస్తాయి.

ఇటలీ నేర్పిన పాఠం

స్పోర్ట్స్ కార్లను సాధారణ రహదారులపై పూర్తి వేగంతో నడిపిన కాలం ఒకటుండేది. ఇటలీలోని బ్రెస్సియా నుంచి రోము వరకు వెళ్లి తిరిగివచ్చే 'మిల్లె మిలియా' పందెంలో 1955లో స్టెర్లింగ్ మాస్ సుమారు 1,600 కిలోమీటర్లను 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో పూర్తిచేశారు. పక్కన కూర్చున్న డెనిస్ జెన్కిన్సన్ ప్రతి మలుపు వివరాన్ని ముందే కాగితపు చుట్టపై రాసుకుని, సైగలతో దారి చెప్పారు. సగటు వేగం గంటకు 157 కి.మీ.

రెండేళ్లకే, 1957 మే 12న అదే పందెంలో గ్విడిజోలో గ్రామ సమీపాన అల్ఫోన్సో దె పోర్తాగో నడుపుతున్న ఫెరారీ టైరు పేలింది. కారు అదుపు తప్పి జనంపైకి దూసుకెళ్లింది. చోదకుడు, సహచరుడితోపాటు దారి పక్కన నిలబడిన తొమ్మిది మంది మరణించారు. వారిలో ఐదుగురు పిల్లలు. దాంతో సాధారణ రహదారులపై ఆ వేగ పందెం ముగిసిపోయింది. నిపుణుడి చేతిలో ఉన్న మేలైన కారు కూడా ఒక్క టైరు పేలితే పక్కనున్న పల్లెకు మృత్యువు కాగలదని ఆనాడే రుజువైంది.

వేగాన్ని ఆస్వాదించదలచినవారికి చోటు లేకపోలేదు. చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టైలోనూ, గ్రేటర్ నోయిడాలోనూ రేసింగ్ ట్రాక్‌లు ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో ఫార్ములా-ఈ పందెం జరిగినప్పుడు హుస్సేన్‌సాగర్ తీరాన రహదారిని పూర్తిగా మూసి, ఇరువైపులా గోడలు, కంచెలు కట్టిన తర్వాతే కార్లను వదిలారు. ఆ ఏర్పాటు లేని దారిపై పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. కారు బీమా పాలసీలు సైతం పందేలలో, వేగ పరీక్షలలో జరిగిన నష్టానికి వర్తించవు.

బయలుదేరే ముందు..

* టైర్ల గాలి, అరుగుదల, బ్రేకు ప్యాడ్లు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్ సరిచూసుకోవాలి.
* కారును పూర్తిగా పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ వాహనం సదుపాయం దారంతా అందుతుందో లేదో బీమా సంస్థను అడిగి తెలుసుకోవాలి.
* చీకటి పడేలోగా గమ్యం చేరేలా వేకువనే బయలుదేరాలి.
* బృందంగా వెళ్లేవారు ఒకరితో ఒకరు పోటీపడకుండా, కలుసుకునే చోట్లను ముందే నిర్ణయించుకోవాలి.
* ఫొటోల కోసం రహదారి అంచున కారు నిలపరాదు.
* జాతీయ రహదారిపై సహాయానికి 1033, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోన్ చేయాలి.
* ప్రమాదంలో ఉన్నవారిని ఆసుపత్రికి చేర్చినవారికి 2019 సవరణ చట్టం రక్షణ కల్పిస్తోంది. వెనుకాడకుండా సాయపడాలి.