అమ్మకం పెరిగింది, లాభం తగ్గింది! ఒక జిగురు కంపెనీ లెక్క

జర్మనీలోని డ్యుసెల్డార్ఫ్ నగరంలో హెంకెల్ అనే పెద్ద కంపెనీ ఉంది. బట్టలుతికే పొడులతో పాటు, కర్మాగారాలకు కావలసిన జిగుర్లనూ, లోహాల ఉపరితలాన్ని శుద్ధిచేసే రసాయనాలనూ తయారు చేస్తుంది. ఈ రెండో విభాగం 2021లో సుమారు 964 కోట్ల యూరోల సరుకు అమ్మింది. 2022లో అమ్మకం 1,124 కోట్లకు పెరిగింది. లాభం కూడా పెరిగి ఉంటుందనుకుంటున్నారు కదూ? లేదు. 156 కోట్ల నుంచి 153 కోట్లకు తగ్గింది! 2023లో అమ్మకం 1,079 కోట్లకు పడిపోయింది. లాభమేమో 158 కోట్లకు పెరిగింది. ఇదేమి చిత్రం?

(ఇక్కడ లాభమంటే వడ్డీలు, పన్నులు కట్టక ముందు మిగిలే సొమ్ము. ఎప్పుడో ఒకసారి వచ్చే ఖర్చులను ఇందులో కలపలేదు.)

ఈ చిక్కు విడాలంటే ఆ కంపెనీ అమ్మేదేమిటో ముందు తెలియాలి. ఒక స్టీలు పళ్ళెం మీద కొబ్బరినూనె చుక్క రాసి, దాని మీద జిగురుతో కాగితం అంటించి చూడండి. ఆరాక గోటితో లాగితే ఊడి వస్తుంది. జిగురు అణువులు లోహానికి బాగా దగ్గరగా చేరితేనే పట్టు దొరుకుతుంది. మధ్యలో నూనె పొర అడ్డుపడింది. రంగుకూ ఇదే గతి. అందుకే కారు తయారీలో ఇనుప రేకుకు రంగు వేసే ముందు క్షారద్రావణంలో ముంచి నూనె పోగొడతారు. తరువాత జింకు లవణాలు కరిగిన ఫాస్ఫారిక్ ఆమ్లపు తొట్టిలో ముంచుతారు. ఆమ్లం ఇనుమును కొద్దిగా తింటుంది. అలా తిన్నచోట ఆమ్లగుణం తగ్గి, జింక్ ఫాస్ఫేట్ సన్నని స్ఫటికాలుగా రేకు మీద పేరుకుంటుంది. గరుకుగా ఉండే ఆ పొరను రంగు గట్టిగా పట్టుకుంటుంది, తుప్పు కూడా త్వరగా చేరదు.

ఇక జిగుర్ల సంగతి. హెంకెల్ మొదట జిగురు కంపెనీ కాదు. 1876లో ఫ్రిట్జ్ హెంకెల్ ఆకెన్ నగరంలో బట్టలుతికే పొడితో దీన్ని ప్రారంభించాడు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత సబ్బుపొడి పెట్టెలు అంటించడానికి జిగురు దొరకడం కష్టమైంది. సరే, మనమే చేసుకుందామని 1922లో మొదలుపెట్టారు. మరుసటి ఏడే బయటివారికీ అమ్మారు. తమ అవసరానికి చేసుకున్న సరుకే ఈనాడు కంపెనీ అమ్మకంలో సగం!

1997లో ఈ కంపెనీ అమెరికాకు చెందిన లాక్‌టైట్ సంస్థను కొన్నది. ఆ సంస్థ సరుకు మహా తమాషాగా ఉంటుంది. దాన్ని 1953లో వెర్నన్ క్రీబుల్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు రూపొందించాడు. గాలి తగులుతున్నంతసేపు ద్రవంగానే ఉంటుంది. బోల్టు మరల మధ్య గాలి అందని చోట, లోహం తగిలితే గట్టిపడుతుంది. సీసాలో గట్టిపడకుండా ఉండాలని సీసాను పూర్తిగా నింపరు. లోపల గాలి ఉండాలి మరి!

ఒక్క చుక్క అది. కానీ అది లేక బోల్టు వదులైతే పెద్ద యంత్రమే ఆగిపోతుంది. యంత్రం ఖరీదు ముందు చుక్క ఖరీదు ఎంత? అందుకని ధర కాస్త పెంచినా కొనేవారు అంత సులభంగా వేరే సరుకుకు మారరు. మారాలంటే మళ్ళీ పరీక్షలన్నీ చేసుకోవాలి. ఈ వ్యాపారానికున్న అసలు బలం ఇదేనని నా అభిప్రాయం.

మరి 2022లో ఏం జరిగింది? జిగుర్లలో వాడే రెజిన్లు, ద్రావణులు చాలావరకు ముడిచమురు నుంచి, సహజవాయువు నుంచి వస్తాయి. 2021లోనే వీటి ధరలు ఎక్కసాగాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మండిపోయాయి. కంపెనీ కూడా ధరలు పెంచింది. అమ్మకం అంకె పెరగడానికి ముఖ్యకారణం ఈ ధరల పెంపే. ఇప్పుడు తీసివేత చేయండి. 2021లో ఖర్చు 964 – 156 = 808 కోట్లు. 2022లో 1,124 – 153 = 971 కోట్లు. అమ్మకం 160 కోట్లు పెరిగితే ఖర్చు 163 కోట్లు పెరిగింది! తేడా 3 కోట్లే. అయినా నూరు యూరోల అమ్మకానికి మిగిలేది 16.2 యూరోల నుంచి 13.6కు దిగింది.

2023లో కథ తిరగబడింది. ఏప్రిల్‌లో కంపెనీ తన రష్యా వ్యాపారాన్ని అమ్మేసింది. ఇతర దేశాల నాణేల విలువ యూరోతో పోలిస్తే పడిపోయింది. అక్కడ వచ్చిన సొమ్మును యూరోలలోకి మార్చితే అంకె చిన్నదవుతుంది కదా! అమ్మకం తగ్గడానికి ఇవి పెద్ద కారణాలు. కాని ముడిసరుకుల ధరలు దిగివచ్చాయి, జిగురు ధరలు మాత్రం అంతగా దిగలేదు. నూటికి 14.7 యూరోలు మిగిలాయి.

2024లో అమ్మకం 1,097 కోట్లు, లాభం సుమారు 182 కోట్లు. ఆ ఏటి ఖర్చెంతో, నూటికి మిగిలినదెంతో మీరే కట్టండి. ఆ ఖర్చును 2022 ఖర్చు పక్కన పెట్టి చూడండి.