మేఘములలో అదుపు తప్పు చిన్న విమానములు

బళ్ళారి సీమకు తూర్పున, కర్నూలు నేలకు ఆవల నల్లమల కొండలున్నవి. 2009 సెప్టెంబరు 2వ తేదీన హైదరాబాదులోని బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు ఆ కొండలలో కూలి, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు మరణించిరి. వైమానికులు నూనె యొత్తిడి సమస్యపై మనస్సు నిలిపియుండగా, వాహనము తీవ్రమగు అధోవాయుప్రవాహమున చిక్కి అదుపు తప్పెనని విచారణ సంఘము తేల్చెను.

వారు శిక్షితులు. కన్నులనే నమ్మి నడుపువారు మేఘమున ప్రవేశించినచో కలుగు అపాయము వేఱు. నేలయు దిగంతరేఖయు కానరానప్పుడు దేహము లోచెవిపై ఆధారపడును. కాని మెల్లగా సాగు మలుపును లోచెవి గ్రహింపజాలదు; ఒరిగిన విమానము సమముగనే యున్నట్లు తోచును. ఎత్తు తగ్గుట చూచి చోదకుడు విమానపు ముక్కును పైకెత్తును. దానివలన మలుపు మఱింత బిగిసి, విమానము సుడి తిరుగుచు నేలకు దిగును.

1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమున అట్టి 20 మందిని కృత్రిమ మేఘస్థితిలో పరీక్షించిరి. అందఱును అదుపు కోల్పోయిరి. సగటున పట్టిన కాలము 178 సెకండ్లు మాత్రమే. సూచికలను చూచి మెల్లగా వెనుకకు మరలుట నేర్పిన పిదప వారే దాదాపు ప్రతి మారును క్షేమముగా బయటపడిరి.

కావున మేఘము ఎదురైనప్పుడు ముందుగనే వెనుకకు మరలుట పిరికితనము కాదు. సండూరు కొండల మీదుగనైనను నల్లమల మీదుగనైనను పోవునపుడు, వేళకు చేర్పుమని చోదకుని తొందరపెట్టకుండుట ప్రయాణికుల ధర్మము.