ఒకే పొలము, రెండు తాళములు

2022 ఏప్రిల్ 4వ తేదీన రాజాము, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలములు శ్రీకాకుళము జిల్లానుండి విజయనగరము జిల్లాలోనికి వచ్చినవి. అదే దినమున పార్వతీపురము మన్యము జిల్లా ఏర్పడినది. పొలము గట్లు అంగుళమైనను కదలలేదు. కాని ఆ పొలముల లెక్కలను దాచు కంప్యూటర్లకు ఇట్టి మార్పు చిన్నది కాదు. ఎవరు ఏ జిల్లా లెక్కను చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును అను ప్రశ్న మరల మొదటికి వచ్చును.

1984లో కరణపు ఉద్యోగములు రద్దగు వరకు గ్రామపు లెక్కలు కరణముగారి పెట్టెలో నుండెడివి. పెట్టె ఒకటి, తాళపుచెవి ఒకటి. ఆ ఏర్పాటులోని కష్టములు పెద్దలకు బాగుగా తెలియును. నేడు పెట్టెలు రెండు. క్రయ దస్తావేజులు రిజిస్ట్రేషను శాఖవారివి. 1998 నవంబరులో ఆ శాఖ ‘కార్డ్’ అను కంప్యూటరు పద్ధతిని ఆరంభించినది. అడంగలు, 1-బి లెక్కలు రెవెన్యూ శాఖవారివి. అవి ‘వెబ్‌ల్యాండ్’లో నుండును. భూమి కొనువానికి రెండును కావలెను.

రెండు డేటాబేసులను కలుపుట యన నేమి? ఒకదానిలోని పట్టికను రెండవదానిలోనికి ఎత్తివ్రాయుట కాదు. ఎత్తివ్రాసిన లెక్క మరునాటికే పాతబడును. అందుచేత మొదటి డేటాబేసులో ఒక కిటికీవంటి దానిని పెట్టుదురు. దానిని లింకు పట్టిక యందురు. సరకు అవతలి గదిలోనే యుండును, ఇవతలినుండి కనబడును.

చిక్కు ఇక్కడనే పుట్టును. కిటికీని తెరచుటకు అనుమతి యున్నంతమాత్రమున అవతలి సరకును చూచుటకు అనుమతి యున్నట్లు కాదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ప్లాట్‌ఫారము టిక్కెట్టు కొన్నవాడు బండిదాకా పోగలడు; బండి యెక్కి విజయనగరము పోవుటకు వేరు టిక్కెట్టు కావలెను. సబ్ రిజిస్ట్రారు కచేరీలో ఒక గుమాస్తా సర్వే నంబరు కొట్టి అడంగలు నడిగెననియు, ‘అనుమతి లేదు’ అని జవాబు వచ్చెననియు ఊహింతము. ఇవతలి డేటాబేసులో అతనికి ఎన్ని హక్కులిచ్చినను ప్రయోజనముండదు. అడ్డుచున్నది అవతలి కాపలాదారు.

అవతల కూడ అతని పేరు నమోదై యున్నదనుకొందము. అయినను పని జరుగకపోవచ్చును! మన పల్లెలలో అప్పలనాయుడు అను పేరు గలవారు నలుగురుందురు. ఇంటిపేరు, తండ్రిపేరు చెప్పిననే మనిషి తెలియును. కంప్యూటరును అంతే. అనేక పద్ధతులలో అది మనిషిని పేరునుబట్టి గాక, పేరు వెనుక దాగిన ఒక గుర్తింపు సంఖ్యనుబట్టి పోల్చును. డేటాబేసును క్రొత్త యంత్రమునకు మార్చి, అదే పేరు, అదే రహస్యపదముతో మనిషిని మరల నమోదు చేసినచో సంఖ్య వేరగును. పాత హక్కులు పాత సంఖ్యను పట్టుకొని యుండిపోవును. ‘ఎస్‌క్యూఎల్ సర్వర్’ పద్ధతిలో దీనిని ‘అనాథ వినియోగదారు’ అందురు. పేరు చక్కగానే పెట్టిరి. హక్కులను మరల మరల ఇచ్చుట దీనికి మందు కాదు. పాత నమోదును క్రొత్త సంఖ్యకు ముడివేయవలెను.

‘యాక్సెస్’ అను చిన్న డేటాబేసులో మరియొక వింత గలదు. నలుగురు కలిసి వాడు దస్త్రమును కేవలము చదువువానికి సైతము ఆ దస్త్రమున్న ఫోల్డరులో వ్రాయు హక్కు కావలెను. ఎవరెవరు లోపల నున్నారో తెలుపు ఒక చిన్న తాళపు దస్త్రమును అది ప్రక్కనే వ్రాయును. గ్రంథాలయమున పత్రిక చదువుటకు వచ్చినవాడును గుమ్మమువద్ద పుస్తకములో సంతకము చేయును గదా!

మరి లోపమును వెదకుట ఎట్లు? ముందుగా లింకును విడిచి, అదే మనిషి పేరుతో అవతలి డేటాబేసును నేరుగా అడుగవలెను. అక్కడ జవాబు వచ్చినచో లోపము లింకులో నున్నది. రాకున్న అవతలనే యున్నది. లింకులో నున్నప్పుడు, అది ఎవరి గుర్తింపును మోసికొని పోవుచున్నదో చూడవలెను. గుమాస్తాదా, లేక లింకును కట్టినప్పుడు వ్రాసిపెట్టిన వేరొకరిదా? ‘పోస్ట్‌గ్రెస్’ పద్ధతిలో ఇవతలి ఏ పేరు అవతల ఏ పేరుగా చెల్లునో ముందుగానే వ్రాసియుంచుదురు. ఆ వరుస లేకున్న దారి మూసికొనును. అవతల నున్నప్పుడు అతడు ఏయే గుంపులలో నున్నాడో చూడవలెను. ఒక గుంపు ‘ఇమ్ము’ అని, మరియొకటి ‘ఇయ్యవద్దు’ అని యున్నచో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సాధారణముగా ‘వద్దు’ అనునదే నెగ్గును. ఈ పరీక్షలను సర్వాధికారి పేరుతో చేయుట వట్టి శ్రమ. అతనికి తలుపులన్నియు తెరచియే యుండును.

బయట రైతులు నిలుచుండి యుండగా, ‘వీనికి అన్ని హక్కులు ఇచ్చివేయుడు’ అను సలహా తప్పక వినవచ్చును. ఫిర్యాదు నిమిషములో తీరును. కాని రిజిస్ట్రేషను చట్టపు 22-ఎ విభాగము క్రింద అమ్మరాదని నిషేధించిన భూముల జాబితా యొకటి కలదు. చదువుటకు వచ్చినవానికి దానిని దిద్దు హక్కు కూడ చిక్కినచో, ప్రభుత్వ భూమి ఒక్క మీటతో పట్టా భూమియై అమ్ముడుపోవచ్చును. కొన్నవాడు బిడ్డ పెండ్లికి దాచిన సొమ్మును దానిలో పోసియుండవచ్చును.

గుమాస్తాకు పట్టికనంతను ఇయ్యనవసరము లేదు. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, నిషేధము కలదా లేదా అను వరుసలు మాత్రమే కనబడు ఒక దృశ్యపట్టికను అవతలి శాఖవారే తయారుచేసి, దానిని చదువు హక్కు నొక్కటి ఇచ్చిన చాలును. ఎవరు, ఎప్పుడు, ఏ నంబరు నడిగిరో ఆ డేటాబేసే వ్రాసికొనునట్లు చేయవచ్చును. మరమ్మతు ముగిసిన పిమ్మట రెండు పరీక్షలు చేయవలెను. మొదటిది, గుమాస్తా పేరుతో అడంగలు చదువుట, అది నెరవేరవలెను. రెండవది, అదే పేరుతో ఒక పరీక్షా వరుసలోని విస్తీర్ణమును మార్చ ప్రయత్నించుట. ఈసారి ‘అనుమతి లేదు’ అను జవాబే రావలెను.