ఎండ ముందుగా కోసేది పై శ్లాబునే

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం వీటీపీఎస్‌లో, అంటే నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. తాల్చేరు నుంచి, సింగరేణి నుంచి వ్యాగన్లలో దిగిన బొగ్గు కరెంటుగా మారడం చూస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు మేడ మీద సోలార్ పెట్టించుకోవాలనుకునే మా వీధివాళ్లు బిల్లు పట్టుకుని నా దగ్గరికొస్తారు. ఎన్ని కిలోవాట్లు వేయించాలని వాళ్లడుగుతారు. మే నెల బిల్లు, డిసెంబరు బిల్లు రెండూ తెచ్చారా అని నేనడుగుతాను.

మొన్న ఎదురింటి అమ్మాయి వచ్చింది. "బాబాయ్ గారూ, మూడు కిలోవాట్లు వేసుకుంటే ఇక బిల్లే ఉండదంటున్నారు, వేయించెయ్యమంటారా?" అంది. వాళ్ల ఇంట్లో నెలకి 400 యూనిట్లు కాలుతాయి. కాగితం, పెన్ను తీసుకుని ఇద్దరం కూర్చున్నాం.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి కరెంటుకి 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు. అక్కణ్ణుంచి 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 రూపాయలు. 400 దాటితే 9.75. అంటే ఆ అమ్మాయి 400 యూనిట్లకి దాదాపు 2,548 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, విద్యుత్ సుంకం, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం.

మన ఎండకి కిలోవాటు ప్యానెళ్లు సగటున రోజుకి 4 యూనిట్లు, నెలకి 120 ఇస్తాయనుకోవచ్చు. ఆ 120 బిల్లులో పై నుంచి తెగుతాయి. మొదటి కిలోవాటుతో 400 కాస్తా 280 అవుతుంది. తగ్గినవన్నీ 8.75 రూపాయల యూనిట్లే కాబట్టి 1,050 రూపాయలు మిగులుతాయి. రెండో కిలోవాటుతో 160కి దిగుతుంది, ఇంకో 871 మిగులుతుంది. మూడోదీ అవే 120 యూనిట్లు ఇస్తుంది, కానీ అప్పటికి చౌక శ్లాబుల్లోకి దిగిపోయాం గనక మిగిలేది 540 మాత్రమే.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా ఇలాగే ఉంటుంది. మొదటి రెండు కిలోవాట్లకి ముప్పై వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు, ఆపైన ఎన్ని వేయించినా అంతే. సబ్సిడీ కావాలంటే సెల్సుతో సహా మన దేశంలో తయారైన ప్యానెళ్లే పెట్టాలి. బీసీ కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వం ఇంకో 20 వేల దాకా కలుపుతోంది.

మూడో కిలోవాటు దండగ అని నేననను. రెండు ఏసీలు తిరిగే ఇంట్లో, వేసవిలో 600 యూనిట్లు దాటేవాళ్లకి అది కూడా ఖరీదైన యూనిట్లనే కోస్తుంది. అందుకే రెండు బిల్లులు తెమ్మంటాను. డిసెంబరులో 150 యూనిట్లు కూడా కాలని ఇంటికి, మే బిల్లొక్కటే చూసి పెద్ద సెట్టు అంటగట్టడం నాకు నచ్చదు. ఆ అమ్మాయికి రెండు చాలని చెప్పాను.

ఇంకో సంగతి. ఏసీ వేసేది రాత్రి, ప్యానెల్ పనిచేసేది పగలు. మధ్యాహ్నం ఇంట్లో వాడగా మిగిలింది నెట్ మీటర్ గుండా లైనులోకి వెళ్లి మన ఖాతాలో జమవుతుంది. రాత్రి వాడిన యూనిట్లకి దాన్ని చెల్లువేస్తారు. కానీ రాత్రి పదింటికి మీ ఏసీని నడిపేది మా ఇబ్రహీంపట్నం లాంటి చోట మండే బొగ్గే. మేడ మీద ప్యానెల్ పెట్టినంత మాత్రాన లైనుతో పని తీరదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు కరెంటు పోయింది. మేడ మీద సోలార్ ఉంటే అప్పుడు లైట్లు వెలిగేవి కదా అని ఇప్పటికీ అడుగుతుంటారు. మామూలు సెట్టయితే వెలగవు. లైనులో కరెంటు పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగకపోతే మన మేడ మీది కరెంటు లైనులోకి ఎదురెక్కి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కరెంటు పోయినా వెలగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ సెట్టు పెట్టించుకోవాలి, దానికి ఖర్చు బాగా పెరుగుతుంది. పల్లపు ప్రాంతాల్లో ఉన్నవాళ్లకి ఒకటే చెబుతాను: ఇన్వర్టరూ మీటరూ నీళ్లందని ఎత్తులో బిగించమని పట్టుబట్టండి.

కిలోవాటుకి వంద చదరపు అడుగుల దాకా నీడలేని చోటు కావాలి. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఒక్క ప్యానెల్ మీద పడ్డా, దానితో వరసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తి కూడా పడిపోవచ్చు. ప్యానెళ్లు దక్షిణం వైపు వాలి ఉండాలి. ఇంకో విషయం వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. మే నెలలో రోళ్లు పగిలే ఎండ కాసినా, వేడెక్కిన ప్యానెల్ సామర్థ్యం తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక దాని వేడి పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తిలో ఒక శాతంలో దాదాపు మూడో వంతు పోతుంది. దుమ్ము కడిగేది తెల్లవారుజామునే, కాలిన అద్దం మీద చన్నీళ్లు పొయ్యకూడదు. మా ఇంట్లో ఫ్రేము తల తగలనంత ఎత్తున పెట్టించాం. దాని పక్కనే మా ఆవిడ వడియాలు పెడుతుంది, మిరపకాయలు ఎండబెడుతుంది. ఎత్తు పెరిగితే గాలిపోటూ పెరుగుతుంది. తుఫాన్లొచ్చే చోటు మనది, బోల్టులు గట్టిగా ఉండాలి.

అపార్టుమెంట్లలో మేడ అందరిదీ కాబట్టి ఎవరి ప్యానెల్ ఎక్కడన్న పేచీ వస్తుంది. అక్కడ ముందు లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దగ్గర లైట్లు నడిచే ఉమ్మడి మీటరుకి పెట్టించుకోవచ్చు. అలాంటి సంఘాలకి అదే పథకంలో కిలోవాటుకి 18 వేల సబ్సిడీ ఉంది. మా వీధి చివరి అపార్టుమెంటు వాళ్లని ఏడాది మొత్తం ఉమ్మడి బిల్లులు తీసి పెట్టమన్నాను. ఈ ఆదివారం వాళ్ల మీటింగుకి వెళ్తున్నాను.