కరెంటు వచ్చింది, టైము రాలేదు

మొన్న వానల్లో మా వీధిలో రాత్రి 11 గంటలకు పోయిన కరెంటు తెల్లవారుజామున 4:30కి వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ మళ్లీ హోరందుకుంది. 5:30కి నడవాల్సిన బోరు మోటారు మాత్రం నడవలేదు. 6 గంటలకు అమ్మకు థైరాయిడ్ మాత్ర గుర్తుచేసే స్పీకరూ పలకలేదు. పరగడుపున వేసుకోవాల్సిన మాత్ర, టిఫిను తినేశాక గుర్తొచ్చింది. 7 గంటలకు, ఈ రెంటినీ నడిపే స్మార్ట్ హోమ్ కంట్రోలర్ తెర చూస్తే అర్ధరాత్రి 12:47 అని ఉంది.

గోడ గడియారం ఆగితే ముల్లు కదలదు, చూడగానే తెలిసిపోతుంది. కంట్రోలర్ గడియారం ఆగలేదు. తప్పు టైముతో నడుస్తూనే ఉంది.

మామూలు కంప్యూటరులో రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేకపోయినా గడియారం చిప్‌ను అదే నడుపుతుంది. కంట్రోలర్లకు వాడే చిన్న బోర్డులు చాలావాటిలో ఆ చిప్పూ ఉండదు, బ్యాటరీ ఉండదు. బదులుగా గంటకోసారి టైమును మెమరీ కార్డులో రాసుకుంటాయి. మాది చివరిసారి 10:17కి రాసుకుంది. కరెంటు రాగానే అక్కణ్ణుంచే లెక్క మొదలుపెట్టింది. ఆ రాత కూడా లేని పరికరాలు కొన్ని ఏకంగా 1970 జనవరి 1కి వెళ్లిపోతాయి. యునిక్స్ కాలగణన మొదలయ్యేది అక్కడే. గ్రీన్విచ్ కాలమానంలో అది అర్ధరాత్రి, మనకు ఉదయం 5:30. ఆ తేదీతో ఉన్న పరికరానికి ఇంటర్నెట్ ఉన్నా చాలా సర్వర్లు అందవు. వాటి భద్రతా సర్టిఫికెట్ల గడువు ఇంకా మొదలే కాలేదని అది అనుకుంటుంది.

ఇంటర్నెట్ ఉంటే టైము దానంతటదే సరవుతుంది. ఆ పని చేసేది ఎన్‌టీపీ అనే పద్ధతి. అమెరికాలో డేవిడ్ మిల్స్ రూపొందించాడు, 1985 నుంచి వాడుకలో ఉంది. కంట్రోలర్ "టైమెంత?" అని అడుగుతుంది. ప్రశ్న పోయి జవాబు రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, అందులో సగం జవాబు వచ్చే దారిలో గడిచిందని లెక్కేసి, వచ్చిన టైముకు 20 కలుపుకుంటుంది. మా ఇంట్లో ఆ రోజు వీధి చివరి ఇంటర్నెట్ పెట్టెకు కరెంటు రాక, 7:30 దాకా నెట్ లేదు.

అప్పుడు టైము సరైంది, మోటారు మాత్రం నడవలేదు. ఎందుకంటే గడియారం 1:17 నుంచి ఒక్క గెంతులో 7:30కి వచ్చింది. మధ్యలో 5:30 అనే క్షణమే దానికి రాలేదు.

అందుకే బ్యాటరీ గడియారం పెట్టించాను. డీఎస్3231 అనే చిప్ ఉన్న మాడ్యూల్ తీసుకోండి. అందులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. వేడికి, చలికి ఆ వేగం మారుతుంది కాబట్టి చిప్పే ఉష్ణోగ్రత కొలిచి సవరించుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య ఏడాదికి నిమిషం కన్నా పెద్దగా తేడా రాదు. సవరణ లేని మామూలు చిప్ నెలకే నిమిషం దాకా తప్పగలదు. ఒక జాగ్రత్త: ఈ మాడ్యూళ్లలో కొన్ని బ్యాటరీని చార్జ్ చేస్తాయి. వాటిలో చార్జ్ కాని మామూలు సీఆర్2032 వేస్తే ఉబ్బిపోవచ్చు. అమ్మేవాణ్ణి అడిగి సరిపోయేదే వేయండి. 2023లో వచ్చిన రాస్ప్‌బెరీ పై 5లోనైతే గడియారం బోర్డులోనే ఉంది, బ్యాటరీ విడిగా కొని తగిలించాలి.

చిప్ పెట్టాక కూడా నాకు నెమ్మది కలగలేదు. ఆ బ్యాటరీకీ ఆయుష్షు తీరే రోజు ఉంటుంది కదా. అసలు మోటారుకు టైముతో పనేమిటి? ట్యాంకు సగానికి తగ్గితే నడవాలి, నిండితే ఆగాలి. ఇప్పుడు అది నీటి మట్టం చూసే నడుస్తోంది. అమ్మ మాత్రకు మాత్రం టైము కావాలి. దానికి ఇంకో నియమం రాశాను: కంట్రోలర్ లేచాక గడియారం చిప్ నుంచో, నెట్ నుంచో టైము ఖరారయ్యేదాకా ఏ గంటా చెప్పకూడదు. స్పీకరు ఒక్క మాటే అంటుంది: "అమ్మా, నాకు టైము తెలియడం లేదు, గోడ గడియారం చూసి మాత్ర వేసుకో."