100 పడకల దవాఖాన సరే.. ఊళ్లో ఆరోగ్య కమిటీ ఉందా? మీ హక్కులేంటో తెలుసా?

స్టేషన్ ఘన్‌పూర్: జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్‌లో 100 పడకల ఆసుపత్రికి 2025 మార్చి 16న సీఎం రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. తెలంగాణ తొలి వైద్యారోగ్య శాఖ మంత్రి డాక్టర్ తాటికొండ రాజయ్యది కూడా ఈ నియోజకవర్గమే. అయితే బిల్డింగ్ కట్టేది సర్కారు. అది పూర్తయ్యాక డాక్టర్ టైమ్‌కి వస్తున్నారా, మందులు ఉన్నాయా, ఊళ్లో దోమల మందు కొట్టారా అని అడగాల్సింది ఎవరు? రూల్స్ ప్రకారం అది జనం పని కూడా. ఈ విషయం చాలామందికి తెలియదు.

అసలేంటీ కమిటీ?

2005లో కేంద్రం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలుపెట్టింది. ఊరూరా ఆశా వర్కర్లు వచ్చింది దీనితోనే. దాంతోపాటే ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఓ కమిటీ ఉండాలన్నారు. ఇప్పుడు దాని పేరు గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఇందులో కనీసం 15 మంది సభ్యులు ఉండాలి. సగం మంది మహిళలే ఉండాలి. పంచాయతీకి ఎన్నికైన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు. నెలకోసారి మీటింగ్ పెట్టాలి.

డబ్బులు ఎన్ని? దేనికి వాడొచ్చు?

కమిటీకి ఏడాదికి రూ.10 వేల వరకు నిధి ఇవ్వొచ్చు. దేనికి ఖర్చు పెట్టాలో కమిటీయే తీర్మానం చేసుకోవాలి. మురుగు నిల్వ ఉన్నచోట శుభ్రం చేయించడం, దోమల నివారణ, తాగునీటి జాగ్రత్తలు వంటి ఊరందరికీ పనికొచ్చే వాటికి వాడొచ్చు. దిక్కులేని పేదలకు అత్యవసరమైతే సాయం చేయొచ్చు. ఖర్చు లెక్కలు గ్రామసభ ముందు పెట్టాలి.

పీహెచ్‌సీ స్థాయిలోనూ ఇలాంటిదే ఉంది. దాన్ని ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అంటారు. చిన్న రిపేర్లు, రోగులకు కావాల్సిన వసతుల నిధుల మీద అది నిర్ణయం తీసుకుంటుంది.

ఎక్కడ తేడా కొడుతోంది?

కమిటీకి పెద్ద దిక్కు పంచాయతీ. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం ముగియడంతో 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో ఎన్నికలు జరిగాయి. అంటే దాదాపు రెండేళ్లు ఊళ్లో అడగడానికి ఎన్నికైన సర్పంచే లేడు. ఇప్పుడు కొత్త పాలకవర్గాలు వచ్చాయి కాబట్టి, కమిటీలను మళ్లీ నిలబెట్టుకోవడానికి ఇదే సరైన టైమ్.

జనం కలిస్తే ఏమవుతుంది?

దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఉంది. అక్కడ పనికో కమిటీ వేసుకున్నారు. తాగునీరు, పారిశుధ్యం, ఆరోగ్యం ఇలా ఒక్కో బాధ్యత ఒక్కో గుంపు తీసుకుంది. ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టుకుని నిర్మల్ గ్రామ పురస్కారం అందుకున్నారు. మురుగు, కలుషిత నీరు పోతే విరేచనాలు, విషజ్వరాలు తగ్గుతాయి. దవాఖాన మీద భారం కూడా తగ్గుతుంది.

మీరేం చేయొచ్చు?

* మీ ఊరి కమిటీలో ఎవరున్నారో ఆశా వర్కర్‌నో, ఏఎన్‌ఎంనో అడగండి.
* చివరి మీటింగ్ ఎప్పుడు జరిగింది, ఎంత ఖర్చయింది అని గ్రామసభలో అడగండి.
* సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.
* పల్లె దవాఖానలో మందులు లేకపోతే నోటిమాటతో వదిలేయకుండా, కమిటీ తీర్మానంగా రాయించి మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వండి.

ఒక్కరు అడిగితే కంప్లైంట్ అంటారు. అదే మాట కమిటీ తీర్మానంగా వెళితే రికార్డుల్లో ఉంటుంది, అధికారులు జవాబు చెప్పాల్సి వస్తుంది. కొత్త ఆసుపత్రి తలుపులు తెరుచుకునేలోపే ఊళ్లో ఈ కమిటీలు కూర్చుంటే, ఆ 100 పడకల వల్ల జనానికి నిజంగా మేలు జరుగుతుంది.