పైలట్ల లెక్కలు - అడుగులు, నాట్లు, మిల్లీబార్లు

సాయంత్రం ఆటల బెల్లు కొట్టాక తల పైకెత్తితే ఒక్కోరోజు తెల్లటి గీత గీసుకుంటూ ఏరోప్లేను పోతుంటుంది. మొన్న ఆరో తరగతి తమ్ముడొకడు నన్నడిగాడు: "అన్నా, అది ఎంత ఎత్తులో పోతా ఉంది? ఎంత స్పీడు?" నేను తడుముకోకుండా "పది కిలోమీటర్ల ఎత్తు, గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు" అన్నాను. పక్కనే ఉన్న సైన్సు సారు నవ్వి, "పైలట్‌ని అడిగితే ఇట్టా చెప్పడురా" అన్నారు. ఎట్టా చెప్తాడో చదివి తెలుసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

పైలట్ తన ఎత్తు 35,000 అడుగులు అంటాడు. వేగం 450 నాట్లు అంటాడు. నాట్లంటే వరినాట్లు కాదు! నాట్ అంటే ఇంగ్లీషులో ముడి. ఈ మాట సముద్రం మీద పుట్టింది. పూర్వం ఓడవాళ్ళు ఒక తాడుకు సమానదూరాల్లో ముడులు వేసి, చివర చెక్కముక్క కట్టి నీళ్ళలోకి వదిలేవారు. ఓడ ముందుకు పోయేకొద్దీ తాడు చేతిలోంచి జారిపోతుంది. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు జారితే ఓడ వేగం అన్ని నాట్లు. మన పడవలవాళ్ళు లోతును బారల్లో చెప్పినట్టే ఇదీ తాడుతో, చేతులతో పుట్టిన కొలతే. విమానం వచ్చాక తాడు పోయింది, పేరు మాత్రం నిలిచింది.

గంటకు ఒక నాటికల్ మైలు పోతే ఒక నాట్. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. ఇదేం వంకర లెక్క అనిపిస్తుంది. సోషల్ క్లాసు అట్లాసు తెరవండి, వంకర పోతుంది. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నిమిషం. భూమి మీద ఆ ఒక నిమిషం దూరమే నాటికల్ మైలు. 14 డిగ్రీల అక్షాంశ గీత మన నాయుడుపేటకూ గూడూరుకూ మధ్యన పోతుంది. మద్రాసు మీనంబాకం విమానాశ్రయం దాదాపు 13 డిగ్రీల మీద ఉంది. అంటే మధ్యలో ఒక డిగ్రీ, 60 నాటికల్ మైళ్ళు. 450 నాట్ల వేగంతో పోయే విమానానికి ఆ దూరం ఎనిమిది నిమిషాలు. బస్సులో పోయేవాళ్ళు ఈ లెక్క చూసి బాధపడకండి.

దిక్కు చెప్పడానికి డిగ్రీలు. ఉత్తరం నుంచి మొదలుపెట్టి గుండ్రంగా 360. మీనంబాకం పెద్ద రన్‌వే ఒక చివర 07 అనీ, రెండో చివర 25 అనీ రాసి ఉంటుంది. సున్నా చేర్చి 70, 250 డిగ్రీలని చదువుకోవాలి.

ఇక ఎత్తు. నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఇదే. విమానం ఎత్తు చూపే ముల్లు నిజానికి ఎత్తును కొలవదు, గాలి ఒత్తిడిని కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కదా! సముద్రమట్టం దగ్గర మామూలుగా 1013 మిల్లీబార్లు ఉంటుంది (ఇప్పుడు హెక్టోపాస్కల్ అంటున్నారు, రెండూ ఒకటే). కింది ఎత్తుల్లో ఒక మిల్లీబారు తగ్గితే సుమారు 27 అడుగులు పైకి వచ్చినట్టు లెక్క. మరి తుఫాను వస్తే? మన తీరంలో ఒత్తిడి 990కి పడిపోయిందనుకోండి. పాత 1013 మీదే ఉంచిన ముల్లు, విమానం ఉన్నదానికంటే 600 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. అంటే పది తాటిచెట్ల ఎత్తు! అందుకే దిగేముందు పైలట్ ఆ ఊరి ఒత్తిడి ఎంతో అడిగి ముల్లు సరిచేసుకుంటాడు. బాగా పైన మాత్రం అందరూ 1013 మీదే పెట్టుకుంటారు. తప్పయినా అందరిదీ ఒకే తప్పు కాబట్టి ఒకరినొకరు గుద్దుకోరు.

అయితే అందరి కొలతా ఒకటి కాదు. చైనాలో ఇప్పటికీ ఎత్తు మీటర్లలోనే చెప్తారు. పాత సోవియట్ దేశాల పైలట్లు కూడా మీటర్లకే అలవాటుపడ్డవారు. 1996 నవంబరు 12న ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్నాయి. ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ విమానానికి 14,000 అడుగులు, దిగడానికి వస్తున్న కజకిస్తాన్ విమానానికి 15,000 అడుగులు అని చెప్పారు. మధ్య తేడా వెయ్యి అడుగులు, అంటే 305 మీటర్లే. కజక్ విమానం తన ఎత్తు దాటి కిందికి దిగింది. 349 మంది చనిపోయారు. ఒక్కరూ మిగల్లేదు. మీటర్ల వల్లనే జరిగిందని నేననను. రేడియోలో ఇంగ్లీషు సరిగా అర్థం కాకపోవడం కూడా విచారణలో వచ్చింది. కానీ మీటర్లకు అలవాటుపడిన మనిషి అడుగుల్లో ఆర్డరు వింటే మనసులో ఇంకో లెక్క వేసుకోవాలి కదా!

ఇంకో సంగతి మన పరీక్ష పేపరులో లెక్కలా ఉంటుంది. మన నెల్లూరు సీమలో పుట్టి ధాన్యమంటే 850 కిలోలు. వేరేచోట పుట్టి వేరు. ఏ పుట్టో చెప్పకుండా బేరమాడితే గొడవే. కెనడాలో 1983 జూలై 23న సరిగ్గా ఇట్టాంటిదే జరిగింది. ఎయిర్ కెనడా కొత్త బోయింగ్ 767లో ఇంధనం చూపే మీటరు పనిచేయలేదు. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. పుల్ల పెట్టి కొలిస్తే ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉంది. లీటరు బరువు 1.77 అని గుణించారు. 13,597 వచ్చింది. మిగతాదానికి సుమారు 4,900 లీటర్లు పోసి బయలుదేరారు. కానీ ఆ 1.77 పౌండ్లు! కిలోల్లో అయితే లీటరుకు 0.8 మాత్రమే. కావలసినదాంట్లో సగం కూడా లేదు. ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్ దాన్ని గద్దలా గాల్లో తేలించుకుంటూ, గిమ్లీ అనే ఊళ్ళో వాడకం మానేసిన వైమానిక స్థావరంలో దించాడు. విమానంలో ఉన్న 69 మందీ బతికారు. రిపేరు చేశాక అదే విమానం 2008 దాకా తిరిగింది.

లెక్కలో యూనిటు రాయనందుకు నాకు పోయినసారి అర మార్కు కోశారు. అప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు లేదు. పదో తరగతి అన్నలు 0.8 వేసి ఎన్ని లీటర్లు పోయాలో చేసి చూడండి. నాకు 20 వేల పైన వచ్చింది. తప్పుంటే ఈ కాగితం మీదే ఎర్ర పెన్నుతో దిద్దండి, యూనిటుతో సహా.